మసి దారి

మే 12, సోమవారం

మా చేలో మోటారు వైరు అతుకు మీద ఐటీఐ చదివిన పిలగాడు పవన్ కుమార్ చుట్టిన టేపు ఎండకు జారిపోయింది. పీకి పారేశాను. పాత లారీ ట్యూబు పీలికలు కోసి బిగించి కట్టాను. రబ్బరు మీద కరెంటు పారదు. ఊళ్లో సగం మోటార్లకు నేను కట్టిన ట్యూబులే. నేనేమీ ఐటీఐ చదవలేదు.

మే 13

గొర్రెలు కాసే మాల్యాద్రికి షాకు కొట్టింది. గొర్రెల కాళ్లకు అడ్డమని ఆ వైరు పక్కకు జరపబోయాడు. పట్టుకున్నది ట్యూబు మీదే. కట్టెతో కొట్టి విడిపించాను. మార్కాపురం ఆసుపత్రిలో చేర్చాం. ప్రాణానికి భయం లేదన్నారు. కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం లేదు.

ఆ అతుకు ఎవడేసినాడని అందరూ అడిగారు. పవన్ అన్నాను. అది నిజమే. టేపు పీకేసి ట్యూబు కట్టిన సంగతి చెప్పలేదు.

మే 16

పవన్ వచ్చి చూశాడు. ఇది నేను కట్టింది కాదు తాతా అన్నాడు. నల్ల రబ్బరు గట్టిపడాలని అందులో మసి కలుపుతారంట. కార్బన్. ఆ రేణువులు ఎక్కువై ఒకదానికొకటి తగిలితే కరెంటుకు దారి అవుతుందంట.

మసికి కరెంటొస్తే మీయమ్మ పొయ్యి మీది కుండకు స్విచ్చి పెట్టుకో పోరా అన్నాను. జనం నవ్వారు. వాడు తల వంచుకుని పోయాడు. ఇంక వీణ్ని మోటార్ల పనికి పిలవొద్దప్పా అని నా ముందే అనుకున్నారు.



మే 17

టెస్టర్ పెట్టి చూశాను. తడి ఏమీ లేదు, ఎండి ఉంది. వైరు ఎర్ర తొడుగు మీద వెలగలేదు. ట్యూబు మీద వెలిగింది. మళ్లీ పెట్టాను. మళ్లీ వెలిగింది.

అన్నం సయించలేదు. ఏంది నీ కథ అంది మా ఆడమనిషి అలివేలమ్మ. కడుపు నొప్పన్నాను.

మే 19

మాల్యాద్రి ఇంటికి వచ్చాడు. ఎడమచేత్తో టీ తాగాడు. ఆ పిలగాడు తప్పు నీ మీదికి తోసేదానికి చూసినాడంట గదా మామా, నేనుండగా నిన్నెవుడేమంటాడు అన్నాడు.

అతని గ్లాసులో ఇంకాస్త టీ పోశాను.

మే 20

టీ దుకాణం కాడ లేచి నిలబడి చెప్పాను. టేపు పీకేసి ట్యూబు కట్టింది నేనే, పవన్ తప్పేమీ లేదని. ఎవరూ నవ్వలేదు. మాల్యాద్రి గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు.

తర్వాత నేను కట్టిన ట్యూబులు విప్పేదానికి చేను చేనుకూ తిరిగాను. ప్రతి చేలో ఎందుకని అడిగారు. ప్రతి చేలో చెప్పాల్సి వచ్చింది. చెప్పేస్తే తేలికవుతుందంటారు. కాలేదు.

పవన్ వెనకాలే వచ్చాడు. ఫీజు పీకకుండా చెయ్యి పెట్టబాక తాతా అన్నాడు.

మే 24

ఏటా ఈ నెలలో మాల్యాద్రి మంద ఎరువు కోసం మా చేలోనే పడుకునేది. ఇవాళ మా గట్టు వెంబడే పోయి అవతలి చేలో ఆగింది.

నేను గట్టు మీదే ఉన్నాను. అతను తల తిప్పలేదు. కుక్క ఒక్కటి నా దగ్గరకు వచ్చింది. ఈల వినపడగానే అదీ పోయింది.