సాలులో సందులు

గుంటూరు,
8 జనవరి 1961

నా నసీమాకు,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ముందుగా ఒక్కమాట. బడికి ఇంకా రాజీనామా ఇవ్వకపోతే ఆగు. ఢిల్లీ ఉద్యోగం మనది కాకపోవచ్చు.

ఎండు తెగులును తట్టుకునే మిరప దొరికిందని నేను ఢిల్లీకి నివేదిక పంపిన సంగతి నీకు తెలుసు. రెండు వందల మొక్కలు నాటితే నూట ఎనభై బతికాయని రాశాను. అది చూసే నన్ను రమ్మన్నారు. వచ్చే తొలకరికి ఆ విత్తనం పొదిలి రైతులకు పంచుతామన్నారు కూడా. నిన్న కాయలు చూద్దామని వెళ్తే, సాలులో దాదాపు సగం మొక్కల కాయలు కిందికి వేలాడకుండా పైకి నిక్కి ఉన్నాయి. అవి నేను నాటిన రకం కాదు. మా పరిశోధన క్షేత్రంలో పొలం పని చూసే పేరయ్యను పిలిచి అడిగాను.

"నేనేనండీ పెట్టింది," అన్నాడు సంతోషంగా. "దసరా నెలలో తమరు కోయంబత్తూరు ట్రైనింగుకి ఎల్లారా, ఇక్కడ సగం మొక్కలు ఎండిపోయినయ్. సాలు బోసిగా ఉంటే దార్న పోయేవోళ్ళు నవ్వరటండీ? మా దొడ్లో నారు మిగిలితే వంద మొక్కలు తెచ్చి ఆ సందుల్లో పెట్టా. కూలి కూడా అడగలా."

కోప్పడదామనుకున్నాను గాని, తప్పు నాదే. ఏ మొక్క చచ్చిందో తెలియడమే నా పరీక్ష అని అతనికి ఎప్పుడైనా చెప్పానా? తిరిగొచ్చాక బతికినవి లెక్కపెట్టి మురిసిపోయానే గాని, ఒక్క మొక్క దగ్గరైనా వంగి చూశానా? సిగ్గుగా ఉంది నసీమా. దాచేస్తే ఎవరికీ తెలియదు. ఢిల్లీ వాళ్ళకూ పేరయ్యలాగే నిండుగా కనపడే సాలే కావాలి. దేశం రేపటి పరిశోధన అంతా ఇలాంటి లెక్కల మీద కడితే ఏం నిలుస్తుంది, అనుకుంటాను. అనుకుంటూనే మనం ఢిల్లీలో తీసుకోవాలనుకున్న రెండు గదుల ఇల్లు గుర్తొస్తుంది. కాలు ఒకచోట నిలవడం లేదు. తిట్టినా సరే, వెంటనే రాయి.

నీ
సుభానీ

గుంటూరు,
20 ఫిబ్రవరి 1961

నసీమా,

నీ ఉత్తరం అందిన రోజే ఢిల్లీకి ఉన్నదున్నట్టు రాసేశాను. జవాబు వచ్చింది. విత్తనం పంపకం ఆగిపోయింది, నా ఉద్యోగమూ ఆగిపోయింది. రెండు రోజులు అన్నం సయించలేదు, నీ దగ్గర దాచడమెందుకు.

"రాజీనామా చించేశాను, మీరు నిజం రాసేయండి" అన్న నీ మాట కోసమే ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. దాని కింద నువ్వు ఊరికే అడిగిన ప్రశ్న మాత్రం నిన్నటిదాకా నా కంటికి ఆనలేదు: "మీ మొక్కలు చచ్చిన మట్టిలోనే పెట్టిన పేరయ్య నారు ఎందుకు చావలేదండీ?"

చెప్పులు కూడా వేసుకోకుండా మడికి పరుగెత్తి, కాయలు పైకి నిక్కిన మొక్కలు లెక్కపెట్టాను. అతను పెట్టిన వందలో ఎనభై నిలిచాయి! ఒక్క ఏడాదితో ఏదీ తేలదు. ఇంకో నివేదిక రాసేసే తొందర ఇక నాకు లేదు. విత్తనం కోసం ఇంటికెళ్తే, "మా అమ్మ నాటి నించీ దొడ్లో ఉన్నయ్యే, దీనికి తమరు రావాలా అండీ?" అంటూ పేరయ్య దోసెడు ఎండుకాయలు పోశాడు.

వచ్చే పంటకారుకు వాటిని అదే మడిలో నాటుతాం. ఎండిన మొక్క జోలికి పోవద్దని ఈసారి అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను.

"సందు కనపడితే నా చెయ్యి ఊరుకోదండీ. నన్ను పక్క మడికి పంపెయ్యండి," అన్నాడు.

"వీల్లేదు. ఆ సాలు నువ్వే చూడాలి. చచ్చినవెన్నో రోజూ నాకు నువ్వే చెప్పాలి," అన్నాను.

"చచ్చినవాటికి కూడా లెక్కుంటదాండీ?" అని వింతగా చూశాడు.

ఉంటుందని నాకూ ఈమధ్యే తెలిసింది.

నీ
సుభానీ