గది దాటిన పాట

సెయింట్ హెలెన్స్,
ఏప్రిల్, ఆదివారం

రోజ్లిన్ అక్కకి,

నీ చెవులు పూర్తిగా మొరాయించాయని రాశావు. పోనీలే, ఫోనులో నేను గొంతు చించుకోవడం కంటే ఇదే నయం. కాగితం మీద ఎంత మెల్లగా మాట్లాడినా నీకు వినబడుతుంది. ఇక్కడ చలి మొదలైంది. మా ఆయన కెల్ రాతిరొయ్యలు పట్టే బుట్టలు బాగుచేసుకుంటూ రోజంతా రేవులోనే ఉంటున్నాడు. మోకాళ్ళు నొప్పి అంటాడు, డాక్టరు దగ్గరికి పొమ్మంటే పడవకి రంగు వెయ్యాలంటాడు. మారలేదు.

ఆదివారం పాటలకి ఇంకా వెళ్తున్నావా అని అడిగావు. వెళ్తున్నాను. కానీ అది నువ్వు చూసిన చోటు కాదు.

నీకు గుర్తుండే ఉంటుంది, మధ్యాహ్నం భోజనాలు కాగానే మటన్‌బర్డ్ పబ్బులో క్లైవ్ పైబస్ నల్లబల్ల మీద సుద్దముక్కతో పేర్లు రాసేవాడు. మనిషికి రెండు పాటలు. బడి బస్సు నడిపే నార్మా అకార్డియన్ తీస్తే అది మూలిగేది, ఆవిడ చెమటలు కక్కేది. అయినా ఎవరమూ గ్లాసు చప్పుడు కూడా చేసేవాళ్ళం కాదు. తర్వాతి పేరు మనదే కదా మరి. పాడేవాళ్ళమూ మేమే, వినేవాళ్ళమూ మేమే. అందరం అయ్యాక క్లైవ్ లేచి, "ఇక్కడ పాడింది ఇక్కడే వదిలెయ్యండి. మోసుకుపోయినవాడికి వచ్చేవారం బీరు లేదు" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ, దాన్ని దాటినవాడు లేడు.

ఇప్పుడు పబ్బు చేతులు మారింది. మెల్‌బోర్న్ నుంచి జారడ్ అని ఒకతను వచ్చి నడుపుతున్నాడు. చెడ్డవాడేం కాదు, పబ్బు మూతపడకుండా కాపాడాడు. క్లైవ్‌ని పనిలో ఉంచుకున్నాడు గానీ, నల్లబల్ల తీసేశాడు. పేరు ఫోనులో నమోదు చేసుకోవాలి. పాట ఒకటే. గోడ మీద తెర, కెమెరా పెట్టాడు, వినేవాళ్ళు ఫోనుల్లో ఓట్లు వేస్తుంటే అంకెలు పైకీ కిందికీ ఆడుతుంటాయి. లాన్సెస్టన్ పట్నం నుంచి పిల్లలు కార్లలో వస్తారు. డ్రమ్ములూ వయొలిన్లూ అన్నీ వాళ్ళ ఫోనులోనే ఉంటాయి. అబద్ధమెందుకు, మా అందరికంటే బాగా పాడతారు. కానీ పాడటం కాగానే చప్పట్లు ఆగకముందే బయటికి పోయి, కార్ల మధ్య నిలబడి ఫోనులో తమ పాట తామే చూసుకుంటారు. తర్వాత ఎక్కినవాడు ఖాళీ కుర్చీలకి పాడుకుంటాడు. పోయిన వారం నార్మా సగంలో ఆపేసి, అకార్డియన్ మూసుకుని దిగిపోయింది. ఆమె పేరు కింద అంకె కదలనే లేదు.

అయినా ఎందుకు వెళ్తున్నానంటే, నీకొక సంగతి చెప్పాలి. ఇన్నాళ్ళూ నీకూ చెప్పలేదు.

నా కొడుకు లాకీ పోయి ఏడాది తిరక్కుండానే వాడి మీద ఒక పాట కట్టాను. గిటారు పట్టుకుని ఆ గదిలో పాడానే తప్ప ఇంకెక్కడా పాడలేదు, ఇంట్లో కూనిరాగం కూడా తియ్యలేదు. కెల్‌కి అది ఉందనే తెలియదు. వాడు ఎలా పోయాడో నీకు తెలుసు. గాలి తిరుగుతోందని రేడియోలో చెప్పాక కూడా, బుట్టలు పోతాయని కెల్ వాణ్ణి ఒక్కణ్ణే పంపాడు. తను నడుం పట్టేసి మంచం మీద ఉన్నాడు. సముద్రంలోకి తెరుచుకునే మొగ దగ్గర ఇసుకమేట మీద పడవ బోల్తా కొట్టింది. ఊరు ఊరంతా "సముద్రం, ఏం చేస్తాం" అంది. నేనూ అదే అన్నాను. కెల్‌ని ఒక్క మాట అనలేదు. అన్నదంతా పాటలో అన్నాను.

గాలి తిరిగిందని తెలిసీ నిన్ను పంపిన చెయ్యి
రాత్రయితే నా నడుం మీద నిద్రపోతుంది.

ఆ గదిలో సగంమంది కెల్‌తో చేపలవేటకి వెళ్ళేవాళ్ళే. ఇన్నేళ్ళలో ఒక్కడూ నోరు జారలేదు. అక్కడ బరువు దించుకుని ఇంటికొచ్చి, అతనికి మాంసం వేయించి పెట్టి, ఎదురుగా కూర్చుని తినగలిగేదాన్ని. ఆ ఆదివారాలు లేకపోతే నేను ఆ ఇంట్లో ఉండేదాన్ని కాదక్కా.

నీ చెల్లెలు,
మెరిన్

*

సెయింట్ హెలెన్స్,
మే

అక్కా,

ఈ ఉత్తరం ఒక్క బిగిన రాస్తున్నాను, అక్షరాలు కుదరకపోతే ఏమీ అనుకోకు.

పాట బయటికి పోయింది. గోడకున్న కెమెరా నా వంతు వచ్చినప్పుడు ఆపుతానని క్లైవ్ మాటిచ్చాడు, ఆపాడు కూడా. కానీ ముందు బల్ల దగ్గర కూర్చున్న ఒక అమ్మాయి ఫోనులో తీసింది. ఆ పిల్ల నిజంగానే ఏడ్చిందట. ఏడుస్తూనే లోకానికి పంపించింది. జారడ్ దాన్ని పబ్బు పేజీలో పెట్టాడు. మూడోరోజుకి నేను కూరలు కొంటుంటే ముక్కూ మొహం తెలియని ఒకామె వచ్చి నన్ను వాటేసుకుని, "మీలాంటి తల్లి ఉండటం ఆ బాబు అదృష్టం" అంది. ఏ బాబు అని అడగబోయాను. అప్పుడు అర్థమైంది.

కెల్‌కి రేవులో తెలిసింది. పడవలోకి మంచుగడ్డలు ఎక్కిస్తున్నారట. కొత్తగా చేరిన కుర్రవాడు ఒకడు ఫోను పట్టుకొచ్చి, "కెల్, ఈమె మీ ఆవిడే కదూ?" అన్నాడట. మిగతావాళ్ళు వాడి చేతిలోంచి లాక్కోబోయారు. కెల్ "ఉండనీ" అని మొత్తం విన్నాడట.

ఇంటికొచ్చి గుమ్మంలో బూట్లు విప్పాడు. నేను స్టవ్ దగ్గరే నిలబడిపోయాను.

"పాట బాగుంది" అన్నాడు.

"కెల్, నేను..."

"బాగుంది అంటున్నాగా. ఏం వండావ్?"

తిన్నాడు. ప్లేటు కడిగి పెట్టాడు. తర్వాత దుప్పటీ చలికోటూ మూట కట్టుకుని పడవలోకి వెళ్ళిపోయాడు. అరిచినా బాగుండేది. ఒక గ్లాసు పగలగొట్టినా బాగుండేది.

జారడ్ దగ్గరికి పరిగెత్తాను. అతను మొహం చిన్నబుచ్చుకుని కుర్చీ వేశాడు.

"మెరిన్, మా పేజీలోంచి ఇప్పుడే తీసేస్తాను. కానీ జనం ఎవరికివారు పంచుకున్నారు. దాన్ని నేను పట్టుకురాలేను."

"మరి ఎవరు పట్టుకొస్తారు?"

"ఎవరూ తేలేరు." తన కుర్చీ ముందుకు జరుపుకుని అన్నాడు, "మీరు ఇంకోలా అనుకోకండి. వచ్చే ఆదివారం గది నిండిపోతోంది. ఒక్కసారి మళ్ళీ పాడకూడదూ? ఇంతమందికి నచ్చింది అంటే అది మీ ఒక్కరి బాధ కాదన్నమాట."

ఆ మాట మంచి మనసుతోనే అన్నాడక్కా. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

పాట కింద జనం రాసినవి చదవకూడదని నార్మా ఒట్టు వేయించుకుంది. చదివాను. వేలమంది. ఆ తండ్రిని జైల్లో పెట్టాలని కొందరు. పాపం ఆ తండ్రి ఎంత కుమిలిపోతున్నాడో అని కొందరు. ఇసుకమేట ఎక్కడుందో కూడా తెలియనివాళ్ళు గాలి గురించి వాదించుకుంటున్నారు. నా లాకీ ఎడంచేతి వాటం వాడు, ఉడికించిన గుడ్డు వాసన పడదు, నిద్రలో నవ్వేవాడు. ఇవేవీ వాళ్ళకి తెలియవు. వాడు మునిగిపోయిన సంగతి మాత్రం అందరికీ తెలుసు.

మెరిన్

*

సెయింట్ హెలెన్స్,
జూన్

అక్కా,

నీ దగ్గరికి వచ్చేస్తున్నాను. వెనక గది ఖాళీగా ఉందన్నావు కదా, అందులో కాస్త మంచం వేయించు.

మళ్ళీ వెళ్ళాను మటన్‌బర్డ్‌కి. పాడటానికి కాదు, ఇక చాలించండి అని చెప్పడానికి. కాలు పెట్టే చోటు లేదు. క్లైవ్ ఎప్పుడూ కూర్చునే ఎత్తు పీట మీద లేడు. అతను జారడ్‌తో పోట్లాడి మానేశాడని బారు దగ్గరి అమ్మాయి చెప్పింది. నన్ను చూడగానే ఫోన్లు లేచాయి. అప్పుడే ఒక పిల్ల మైకు ముందుకొచ్చింది, ఇరవై కూడా ఉండవు. "ఈ పాట నా జీవితాన్ని మార్చేసింది" అని నా పాట మొదలుపెట్టింది.

అక్కా, ఎంత బాగా పాడిందో చెప్పలేను. వెనకాల వయొలిన్లు. 'నిద్రపోతుంది' దగ్గర నేను గొంతు పెగలక ఆగేదాన్ని, ఊపిరి అందేదాకా. ఆ పిల్ల అక్కడ సరిగ్గా అంతసేపే ఆగింది. నా ఏడుపు కూడా రాగంలో భాగం అనుకుని నేర్చుకుంది. తెర మీద అంకె ఎగిరెగిరి పడింది. దిగాక నా దగ్గరికొచ్చి చేతులు పట్టుకుని, "నేను పాడింది మీకు నచ్చిందా ఆంటీ? ఒక్క ఫోటో తీసుకుందామా?" అంది. కళ్ళు మెరుస్తున్నాయి. ఏమని తిట్టను? తల ఊపాను. ఫోటో తీసుకుంది.

అప్పటినుంచి ఆ పాట నా నోటికి రావడం లేదు. ఇంట్లో ఎవరూ లేరు కదా అని ప్రయత్నించాను. మాటలు వస్తున్నాయి, లాకీ రావడం లేదు. ఆ పిల్ల గొంతే వినబడుతోంది. వాణ్ణి రెండోసారి పోగొట్టుకున్నట్టుంది.

కెల్ ఫ్లిండర్స్ దీవి వైపు వేటకి పోయాడు. ఒక్క కబురు లేదు. అతను వచ్చేసరికి నేను ఉండను. మేమిద్దరం ఏమీ మాట్లాడకుండా ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాం. ఇప్పుడు ఎదురుపడితే మాట్లాడాలి. నాకు ఆ ధైర్యం లేదు. శనివారం బస్సుకి వస్తాను.

మెరిన్

*

లేడీ బారన్ రేవు,
ఫ్లిండర్స్ దీవి

మెరిన్,

ఇంటికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. నార్మాని అడిగితే మీ అక్క దగ్గరికి క్వీన్స్‌టౌన్ వెళ్ళావంది. అందుకని రోజ్లిన్ ఇంటికి రాస్తున్నాను. నాకు ఉత్తరాలు రాయడం రాదు, నీకు తెలుసు. గాలి బాగాలేక పడవలు కదల్లేదు. అందుకే కూర్చున్నాను.

ఆ పాట నేను రేవులో విన్నది మొదటిసారి కాదు.

నువ్వు మొదటిసారి పాడిన రోజు వాన పడుతోంది. నిన్ను తీసుకుపోదామని పబ్బు వెనకవైపు వచ్చి బండి ఆపాను. ఖాళీ పీపాలు పెట్టే చోటు తలుపు దగ్గర నీ గొంతు వినబడింది. మొత్తం విన్నాను. వెళ్ళిపోయాను. మళ్ళీ ఆదివారం వచ్చాను. ప్రతి ఆదివారం, వేటకి పోని ప్రతి ఆదివారం వచ్చాను. క్లైవ్‌కి తెలుసు. నీ వంతు వచ్చినప్పుడు ఆ తలుపు కొంచెం తెరిచి పెట్టేవాడు. మేమిద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

లోపలికి రాలేదు. వస్తే నువ్వు పాడవు. పాడకపోతే నువ్వు నా దగ్గర ఉండవు. అంతమట్టుకు నాకు అర్థమైంది.

పాటలో ఒక్క అబద్ధం లేదు. రేడియో నేనూ విన్నాను. వాడు "నాన్నా, రేపు పోతే పోలా?" అన్నాడు. "బుట్టలు రేపటిదాకా ఆగుతాయా?" అన్నాను. ఆ మాట నీకు చెప్పలేదు. నువ్వు పాటలో రాయని మాట అదొక్కటే.

నీ మీద కోపంతో పోయాననుకున్నావు. లేదు. ఆ మంచు ఎక్కిస్తున్న రోజు, నువ్వు నా మొహాన చెప్పలేక అక్కడ చెప్పుకునే మాట కుర్రాడి ఫోనులోంచి వస్తుంటే, చుట్టూ మనవాళ్ళు తలలు వంచుకుని నిలబడితే, ఇక ఆ తలుపు దగ్గర నిలబడటం అయిపోయిందని తెలిసింది. అది తప్ప నాకు ఇంకేం లేదు మెరిన్. వారానికోసారి నిజం విని ఇంటికొచ్చి నీ చేతి కూడు తినేవాణ్ణి.

జనం రాసినవి నేనూ చదివాను. తిట్టినవాళ్ళ మీద నాకేం లేదు. ఒకామె, ఎక్కడో కెనడా అట, 'తండ్రీ, నిన్ను క్షమిస్తున్నాను' అని రాసింది. ఆమె ఎవరు? అది ఇచ్చే మనిషి నువ్వొక్కతివే. ఇవ్వకపోయినా సరే, నువ్వే ఇవ్వకుండా ఉండాలి.

గాలి తగ్గితే ఈ వారం లోపల ఇల్లు చేరతాను. నువ్వు రాకపోతే తప్పు పట్టను. వస్తే గిటారు అక్కడే వదిలేసి రా. నా మొహం చూసి చెప్పు, పాట లేకుండా. నేను కుర్చీలోంచి లేవను. ఎంతసేపయినా లేవను.

కెల్