రెండు బల్బుల లెక్క

మంగళవారం రాత్రి, మొయినాబాద్

పోయిన వారం పిల్లల ముందే, నాతోపాటు ఫిజిక్స్ చెప్పే ప్రభాకర్ సార్ నన్ను చూపించి, "ఈ మేడంకు సర్క్యూట్లు రావు, డౌట్లుంటే నన్ను అడుగుండ్రి" అన్నాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

ఈరోజు చేవెళ్లలో, మా కాలేజీ ల్యాబ్‌లో, వంద వాట్ల బల్బులు రెండింటిని సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా గీసి, మొత్తం పవర్ రెండు వందల వాట్లని బోర్డు మీద రాశాడు. అది తప్పు; రెసిస్టెన్స్ రెట్టింపైతే కరెంటు సగమవుతుంది. రెండింటికీ కలిపి యాభై వాట్లే.

"కరెక్టే గద మేడం?" అని నావైపు తిరిగాడు.

"మీకు తెల్వదా సార్" అని ఊరుకున్నాను.

బస్సులో నవ్వుకుంటూనే ఇంటికొచ్చాను. కానీ పిల్లలంతా ఆ తప్పే రాసుకున్నారు. శిరీష ఒక్కతే పెన్ను ఆపి నా ముఖం చూసింది...

రేపు అందరి ముందూ అలాంటి రెండు బల్బులు తెచ్చి, సిరీస్‌లో కలిపి వెలిగిస్తాను. అంత మసకగా ఎందుకున్నాయో ఆయననే చెప్పమంటాను. ఆయన తడబడినా ఆదుకోను.