ఓనరమ్మ చెప్పులు

మంగళవారం, నిజామాబాద్

ఈరోజు ఇంటి ఓనరమ్మ మా బావ గది ఖాళీ చేయించడానికే వచ్చింది. మనసు బాగాలేక ఆయన దవాఖానలో ఉండి వచ్చారని ఆమెకు ఎవరో చెప్పారట. బోధన్‌లో ఉమ్మడి ఇంట్లో పదిమంది మధ్య కంటిమీద కునుకు లేని మనిషి, ఇక్కడ సొంత గది, తాళంచెవి దొరికాక హాయిగా నిద్రపోతున్నారు. అది చెబుదామని నేను వచ్చేలోపే ఆమె గుమ్మం దాకా వచ్చేసింది.

బావే గుమ్మంలో నిలబడి, "అక్కా, చెప్పులు బయట ఇడువు. ఇప్పుడే ఊడ్సిన," అన్నారు.

తన ఇంటి ముందు తానే చెప్పులు విడిచి, "ఇగ లోపటికి రావచ్చా?" అని అడిగిందామె!

బావ చాయ్ పెట్టిచ్చారు. తాగి, "మా ఆయన ఒక్కనాడన్న గిట్ల ఊడ్సిండా?" అని మొగుణ్ని తిట్టుకుంటూ వట్టికాళ్లతోనే వెళ్లిపోయింది. ఖాళీ మాటే ఎత్తలేదు.

పక్కగదిలో బావ గురక వినిపిస్తోంది. రేపు ఆమె చెప్పుల కోసమే వస్తే బాగుండు...