సావిత్రి అడిగినదానికి జవాబు

2008 ఆగస్టు, శుక్రవారం రాత్రి

చివరి రోజు పొద్దున సావిత్రి రెండు గుటకల గంజి తాగింది. మధ్యాహ్నానికి ఊపిరి అందలేదు. చిన్నప్పుడు కాళ్ళలో, తర్వాత చేతుల్లో తగ్గుతూ వచ్చిన బలం ఆఖరికి ఛాతీలోనూ పోయింది. నన్ను అడిగింది ఒక్కటే. "మామా, పాపకు నా జబ్బు రాదు గదా?"

నేను అక్క కూతురినే చేసుకున్నవాణ్ణి. ఆ జబ్బు తెచ్చే లోపం నాలోనూ ఉండొచ్చని డాక్టరు అప్పటికే అన్నాడు.

ఈ రోజు బెంగళూరు ఆసుపత్రిలో పాప రక్తపరీక్ష రిపోర్టు ఇచ్చారు. నరాల్లో ఒక రకం కొవ్వు నుంచి ఫాస్ఫేటును తీసేసే ఎంజైమ్ ఉంటుంది. సావిత్రిలో అది పనిచేయలేదు, అందుకే నరాల మీది పొర చెడింది. పాపకు తల్లి నుంచి చెడిన జన్యువు వచ్చింది, నా నుంచి మంచిది వచ్చింది. ఒక్క మంచిది చాలట. జబ్బు రాదు.

బయటికొస్తూ పాప కాళ్ళనే చూస్తూ మెట్టు తప్పాను.

"నా కాళ్లు బాగుండాయంట గదా నాయనా. ఇంగ నీవి సూసుకో" అంది. సావిత్రి పోయాక మొదటిసారి నవ్వాను.

అక్క మాత్రం పాపను తన కొడుకు కొడుక్కే చేసుకోవాలనుకుంటోంది. దినాల నాడు కూడా "కూతురు పోయినా మనవరాలు నా ఇంటికే వస్తాది" అనింది. ఆ పిల్లవాడిలోనూ అదే లోపం ఉంటే, వాళ్ళకు పుట్టే బిడ్డలకు ఈ జబ్బు రావచ్చు. బిడ్డను పోగొట్టుకున్న మనిషికి ఈ మాట ఎలా చెప్పడం...

రేపు పొద్దున మొదటి బస్సుకు యాడికి ఊళ్ళో అక్క ఇంటికి వెళ్లి, పాపను ఇవ్వనని చెబుతాను.