నీలం లెన్సుల డబ్బీ

చిచ్చుబుడ్డీ,

ఫోనులో చెబితే సగంలో పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. చివరిదాకా చదువు. ఆ తరువాత ఎంత తిట్టినా పడతాను.

నా పని నీకు తెలిసిందే. కంటి ఆసుపత్రుల నుంచి చిన్న సీసాల్లో నమూనాలు వస్తాయి. నల్లగుడ్డు మీద నుంచి గీకి తీసిన పొర అది, ఉందో లేదో అన్నంత. అందులో అమీబా ఉందా, ఉంటే ఏ రకం అన్నది నేను దాని జన్యువు చదివి చెప్పాలి. పేర్లు రావు, అంకెలే వస్తాయి. రకాలు ఇరవైకి పైగా ఉన్నా మా బల్ల మీదికి వచ్చేది దాదాపు ఎప్పుడూ నాలుగో రకమే. చూడకుండానే నాలుగు అని రాసేయొచ్చని మాలో మేము నవ్వుకుంటాం. అలాంటిది ఈ మధ్య వచ్చిన రెండు కళ్ళలో పదకొండో రకం కనిపించింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చాను. ఎక్కడా తేడా లేదు. రెండూ ఒకే చోటు నుంచి వచ్చి ఉండాలని మాకు అనుమానం వచ్చింది.

మా పెద్ద డాక్టరమ్మ ఆ ఇద్దరు అమ్మాయిలతో మాట్లాడింది. ఇద్దరూ కళ్ళజోడు కూడా అక్కర్లేని పిల్లలు. ఫోటోల కోసం మేకప్ చేయించుకున్నప్పుడు సరదాపడి నీలం లెన్సులు పెట్టించుకున్నారట. ఫోటోలు తీసేవాడు తీసుకెళ్ళాడు, దుకాణం పేరు చూడలేదంది ఒకమ్మాయి. "పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టారండీ, అదొక్కటే గుర్తుంది" అందట. డాక్టరమ్మ ఆ మాట చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ కుర్చీని పాత సామాన్ల కొట్లో బేరమాడింది నేనే కదే. నీ మేకప్ దుకాణం మెట్ల మీద ఇద్దరం మోస్తుంటే జారి నా కాలి మీద పడింది. ఆ గోరు ఇప్పటికీ వంకరే.

నేనింకా నోరు విప్పలేదు. ముందు నీకు చెబుతున్నాను. ఆ లెన్సులు ఇంకెవరికీ పెట్టకు. అవి ఉంచే డబ్బీని కడగకుండా, తుడవకుండా, ఉన్నదున్నట్టు మూత బిగించి పంపు. వేరే రకం వస్తే అందరికంటే ముందు గంతులేసేది నేనే. అదే రకం వస్తే మాత్రం చెప్పక తప్పదు. నాకు చాలా భయంగా ఉంది.

నీ చాదస్తపు అక్క


అక్కా,

నీకు మేమంతా సీసాల్లో పురుగుల్లాగే కనిపిస్తామా? ఈ దుకాణం నిలబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు నువ్వు అంత దూరాన కూర్చుని దానికి తాళం వేయిస్తానంటున్నావు. మా ఆయన ఉత్తరం చదివి "మీ అక్కకి వేరే పనేం లేదా?" అన్నారు. ఊరుకోమన్నాను. నిన్ను తిట్టే హక్కు నాకొక్కదానికే ఉంది.

నా డబ్బీ అద్దంలా ఉంటుంది. పనవగానే కుళాయి కింద పట్టి రుద్ది రుద్ది కడుగుతాను. "ఇంట్లో గ్లాసులు ఏనాడైనా ఇంత శ్రద్ధగా కడిగావా అమ్మా" అని మా అత్తగారు దెప్పుతూనే ఉంటారు. నువ్వు అడిగినట్టే పంపుతున్నాను. తవ్వి చూసుకో. ఏమీ దొరక్కపోతే నువ్వే వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలి, నీ మొహానికి ఇంత రంగు పూసి వీధంతా తిప్పుతాను.

ఈ మధ్య తలనొప్పిగా ఉంటోంది. వెలుగు పడక తెరలు వేసుకుని కూర్చుంటున్నాను. అక్షరాలు గీత తప్పితే అది నీ మీద కోపమే అనుకో.

చిచ్చుబుడ్డి


చిట్టితల్లీ,

డబ్బీలో ఉంది. పదకొండో రకమే. ఆ రెండు కళ్ళలో ఉన్నదానికీ దీనికీ ఒక్క అక్షరం తేడా లేదు. ఎక్కడో నేనే పొరబడి ఉంటానని మళ్ళీ మొదటి నుంచి చేశాను. అదే వచ్చింది.

నువ్వు కడగకపోవడం వల్ల కాదే, కుళాయి నీళ్ళతో కడగడం వల్లే. ఆ నీళ్ళలో ఇవి గుల్ల కట్టుకుని పడి ఉంటాయి. తాగినా ఏమీ కాదు. లెన్సు కింద చిక్కుకుంటే మాత్రం కన్ను తొలిచేస్తాయి. నీకు ఈ సంగతి ఎవరు చెబుతారు? నేను మొదలుపెడితే "భోజనం దగ్గర కూడా అమీబాలేనా" అని అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేసి ఊరుకునేదాన్ని.

అక్కడితో అయిపోలేదు. మూడో కన్ను వచ్చింది. ఎవరో ఆడమనిషి, ఇంచుమించు మన ఈడుది. మొదట వైరస్ అనుకుని వేరే మందు వేశారట, ఈలోగా ముదిరింది. నొప్పికి నిద్ర లేదని కాగితంలో రాసుంది. దాన్లోనూ అదే రకం. నాకు నీ మీద పట్టరాని కోపం వచ్చింది. గంటగంటకీ మందు వేయాలి ఆవిడకి, పగలూ రాత్రీ. ఇంట్లో ఎవరున్నారో, ఎవరు వేస్తారో అనుకుంటే ఏడుపు ఆగలేదు. లేచి వెళ్ళి డాక్టరమ్మకి నీ దుకాణం చిరునామా చెప్పేశాను. "నీకెలా తెలుసు?" అంది. "మా చెల్లెలండీ" అన్నాను. ఆవిడ కుర్చీ నా వైపు జరిపింది.

నీ దగ్గరికి ఆరోగ్యశాఖ మనుషులు వస్తారు. ఎవరెవరికి లెన్సులు పెట్టావో దాచకుండా చెప్పు. ఆ తరువాత నీకు అక్క లేదనుకున్నా సరే.

అక్క


అక్కా,

నేను చెబుతుంటే మా ఆయన రాస్తున్నారు. దస్తూరీ చూసి కంగారుపడకు. కాదు, పడు. ఆ మూడో కన్ను నాదే.

నీ మొదటి ఉత్తరం వచ్చేసరికే నా ఎడమ కన్ను ఎర్రబడి ఉంది. మా వీధి డాక్టరు వైరస్ అన్నారు, హాయిగా నమ్మాను. నీ ఉత్తరం చదివాక నమ్మకం పోయింది. లెన్సులంటే భయపడే పిల్లలుంటారు కదా, వాళ్ళకి ముందు నేను పెట్టుకుని చూపించేదాన్ని. "చూడమ్మా, ఏమీ కాలేదు" అనేదాన్ని. అవే తీసి, కడిగి, వాళ్ళకి పెట్టేదాన్ని. వాళ్ళ కళ్ళు పాడైంది నా వల్లేనేమోనని వణికిపోయి నీ మీద అరిచాను. డబ్బీ పంపేసి, మీకు నమూనాలు పంపే ఆసుపత్రేదో కనుక్కుని అక్కడికే వెళ్ళాను. పేర్లు రావని నువ్వే రాశావుగా. నువ్వు చూస్తే తప్పు పోదని ధైర్యం. నాదని తెలిస్తే నీ చెయ్యి ఆడదని భయం.

దుకాణం చిరునామా చెప్పేశావన్న చోట మా ఆయన చదవడం ఆపేశారు. నాకు మాత్రం గుండెల మీది బరువు దిగింది. ఆ పని నేనే చేయాల్సింది, చేతకాక తాళం వేసుకుని కూర్చున్నాను. వాళ్ళు వచ్చారు. గోడ మీద ఫోటోల్లో నీలం కళ్ళున్న ప్రతి పిల్లనీ చూపించాను. ఇంకో అమ్మాయికి అప్పుడే మొదలవుతోందట. తొందరగా దొరికింది, నయమవుతుందన్నారు.

నా చూపు ఎంతవరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేమంటున్నారు. ఈయన మందు వేస్తే సగం చెంప మీదే పడుతోంది. ఈ మాట రాయనని మొండికేశారు, పట్టుబట్టి రాయించాను. ఆవిడకి మందు ఎవరు వేస్తారో అని ఏడ్చావు కదా. నువ్వే వెయ్యాలి. కుర్చీ ఇంటికి తెప్పించాను, వెనక్కి బాగా వాలుతుంది. త్వరగా రా అక్కా. చేతులు కడుక్కున్నాక మాత్రం తడి లేకుండా తుడుచుకో.

నీ చిచ్చుబుడ్డి