నాయనమ్మ ఫారంలో రాయని మందు

చక్రపాణి బాబాయికి,

నాయనమ్మ పళ్ల డాక్టరు ఫారంలో నువ్వు బీపీ మాత్ర ఒక్కటే రాశావు. ఇరవై ఏళ్లుగా వేసుకుంటున్న స్కిజోఫ్రీనియా మందు రాయలేదు. "డెంటిస్టు మన తెలుగావిడే, ఈ క్యారీ ఊళ్లో తెలుగువాళ్లందరికీ తెలిసిపోతుంది" అన్నావు. ఆ మందుకి నోరు ఎండిపోయి పళ్లు పుచ్చుతున్నాయని ఆవిడకి ఎలా తెలుస్తుంది? "పన్ను సలుపుతోందిరా" అని నాయనమ్మ నెల రోజులు నీతో మొత్తుకుంది. సలుపు! ఎంత కచ్చితమైన మాట! నువ్వు భ్రమ అని కొట్టిపారేశావు.

నిన్న దవడ వాచింది. కొత్త ఫారం నేనే నింపాను, అన్నీ రాశాను. సోమవారం నాలుగు పళ్లు తీస్తారు.

"మీ బాబాయిని ఏమీ అనకే. వాడికి చిన్నప్పటి నుంచీ పళ్ల డాక్టరంటే భయం" అంటోంది నాయనమ్మ.

నేను అంటున్నాను. భయమైనా సరే, వచ్చి ఆమె చెయ్యి పట్టుకో.

నీ అన్న కూతురు